పుల్లట్టు తిని పెరిగినోళ్ళకి ఇంజెరా కొత్తేం కాదు: మా ఇంటి దగ్గర ఇథియోపియన్ హోటల్

అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని అలెగ్జాండ్రియాలో మేముండే అపార్ట్‌మెంట్ నుంచి నడిచెళ్తే ఎనిమిది నిమిషాలు, లాండ్రీ షాపు పక్కన చిన్న బోర్డు, లోపల ఓ పన్నెండు టేబుళ్ళు. మూడేళ్ళుగా నెలకి కనీసం రెండుసార్లు వెళ్తున్నాం కాబట్టి ఇంక రాయాలనిపించింది. వాషింగ్టన్ డీసీ చుట్టుపక్కల ఇథియోపియా వాళ్ళు చాలా ఎక్కువ, సిల్వర్ స్ప్రింగ్‌లో, బెయిలీస్ క్రాస్‌రోడ్స్‌లో, డీసీలో 9వ వీధి వైపు ఎక్కడ చూసినా వాళ్ళ హోటళ్ళే, కానీ మన తెలుగువాళ్ళు మాత్రం ఆష్‌బర్న్, హెర్న్‌డన్ వైపు ఉంటూ వారం వారం అదే బిర్యానీ, అదే దోశ తిని వస్తుంటారు, ఇటు ఎవరూ తొంగి కూడా చూడరు. నాకు అదే బాధ. ఎందుకంటే ఇండియా వదిలి వచ్చాక మన ఇంటి తిండికి ఇంత దగ్గరగా ఉన్న ఇంకో దేశం తిండి నేను తినలేదు.

ఇంజెరా అంటే ఇథియోపియా వాళ్ళ పులిసిన పెద్ద అట్టు, నాకు ఆ మాట వైజాగ్‌లోనే తెలుసు. ఆంధ్రా యూనివర్సిటీలో పీహెచ్‌డీకి ఇథియోపియా నుంచి చాలామంది వచ్చేవాళ్ళు, పెదవాల్తేరులో మేం అద్దెకుండే ఇంట్లో పై పోర్షన్‌లో ఒకాయన ఉండేవారు. ఆయనకి అక్కడ ఇంజెరాకి వాడే టెఫ్ పిండి దొరక్క రాగిపిండి, బియ్యప్పిండి కలిపి మూడు రోజులు పులియబెట్టి మా అమ్మ దోశపెనం అడిగి పట్టుకెళ్ళి పోసుకునేవారు. ఒకసారి మాకూ రెండు ఇచ్చారు, మా అమ్మ తిని "ఇది మన పుల్లట్టే కదే, కాస్త ఎక్కువ పులిసింది అంతే" అంది. ఇన్నేళ్ళ తర్వాత ఇక్కడ అసలుది తిన్నాక తెలిసింది అమ్మ మాట ఎంత కరెక్టో.

టెఫ్ అంటే గసగసాలంత చిన్న గింజ. దాని పిండిని నీళ్ళతో కలిపి, ముందు వాయి మీద తేరిన పులిసిన నీళ్ళు కొంచెం పోసి రెండు మూడు రోజులు వదిలేస్తారు, తర్వాత మిటాద్ అనే పెద్ద గుండ్రటి పెనం మీద బయటి నుంచి లోపలికి చుట్టూ తిప్పుతూ పోసి మూత పెడతారు. తిరగెయ్యరు, ఒకవైపే కాలుస్తారు. పైన నిండా చిల్లులు పడతాయి, వాటిని వాళ్ళు కళ్ళు అంటారట, కళ్ళు ఎంత ఎక్కువ ఉంటే అంత బాగా వచ్చినట్టు. ఓనరావిడ ఒకరోజు నాకు చూపించారు, ఇంజెరాని లైటు కింద ఎత్తి పట్టుకుని "ఇక్కడ చూడు, ఈ మూల కళ్ళు మూసుకుపోయాయి, ఈరోజు చలి వల్ల పిండి సరిగ్గా పొంగలేదు" అని. చలికాలంలో దోశపిండి పులవక ఓవెన్‌లో లైటు వేసి పెట్టుకునే మన బాధే ఆవిడదీ. ముట్టుకుంటే తడి బట్టలా మెత్తగా, చల్లగా ఉంటుంది, వేడిగా ఇవ్వలేదేంటి అనుకోకండి, దాన్ని అలాగే తింటారు. ఆ చిల్లుల్లోకి కూర రసం దిగాలి, దాని పనే అది.

మొదటిసారి వెళ్ళేవాళ్ళు మెనూ అంతా చదివి బుర్ర పాడుచేసుకోకుండా బెయాయినెటు అడగండి, వెజ్ కాంబో అన్నా అర్థమవుతుంది. ఆ మాటకి అన్ని రకాలూ అని అర్థమట. పెద్ద పళ్ళెంలో ఇంజెరా పరిచి దాని మీద ఏడెనిమిది రకాలు కుప్పలు కుప్పలుగా వడ్డిస్తారు, పక్కన చుట్టలు చుట్టిన ఇంజెరా ఇంకో ప్లేటులో. మిసిర్ వాట్ అంటే ఎర్రపప్పు, మసూర్ పప్పే, బాగా కారంగా చిక్కగా ఉంటుంది. కిక్ అలిచా అంటే పసుపు వేసి కారం లేకుండా చేసిన బద్దల పప్పు, పిల్లలకి ఇది ఇచ్చేస్తే గొడవుండదు. గోమెన్ అనేది ఇక్కడి కాలర్డ్ ఆకుకూర, వెల్లుల్లి వేసి మెత్తగా మగ్గపెడతారు, మన తోటకూర వేపుడు కళ్ళముందు కనిపిస్తుంది. క్యాబేజీ, క్యారెట్, బంగాళాదుంప కలిపిన కూర ఒకటి, బీట్‌రూట్ ఒకటి, బీన్స్ ఒకటి.

కానీ వీటన్నిటికన్నా షిరో గురించి చెప్పాలి. శనగలో బఠానీలో వేయించి మసాలాలతో కలిపి పిండి కొట్టి ఉంచుకుంటారు, కావాల్సినప్పుడు ఉల్లిపాయ వేయించి నీళ్ళు పోసి ఆ పిండి కలిపి ఉడికిస్తారు. అంటే మన పూరీల్లోకి చేసే బొంబాయి చట్నీనే, కాకపోతే ఎర్రగా, కారంగా, ఘాటుగా. ఇక్కడ చిన్న నల్ల మట్టిచట్టిలో తెస్తారు, టేబుల్ మీద పెట్టాక కూడా ఒక నిమిషం పాటు బుడగలు బుడగలుగా ఉడుకుతూనే ఉంటుంది, అంచుల దగ్గర కాస్త అడుగంటిన ముద్ద ఉంటుంది చూడండి, దానికోసం మా ఇంట్లో ముగ్గురం పోటీ. కాంబోలో షిరో కొంచెమే వేస్తారు కాబట్టి చట్టి విడిగా చెప్పుకోండి.

వాళ్ళ కారప్పొడి పేరు బెర్బెరె. మిరపకాయలు, మెంతులు, వాము, అల్లం, వెల్లుల్లి, వాళ్ళ రకం పెద్ద ఏలకులు ఇంకా ఏవేవో ఆకులు కలిపి ఎండబెట్టి ఆడిస్తారు. ఓనరావిడకి ఏడాదికి సరిపడా వాళ్ళ అక్క పంపిస్తుందట, ఎవరు ఊరు నుంచి వచ్చినా సూట్‌కేసులో ఒక సంచి తేవాల్సిందేనట. మన గుంటూరు కారం, ఆవకాయ కథే కదా ఇది.

మా అమ్మ 2025 మే నెలలో వచ్చి ఆరు నెలలు ఉంది. తీసుకెళ్ళినప్పుడు అసలు గొడవ ఒకే పళ్ళెంలో అందరూ తినడం దగ్గర వచ్చింది. ఎంగిలి. రుచి నచ్చకపోతే ఎలా అని నేను భయపడుతుంటే అమ్మ పళ్ళెం చూసి చెయ్యి వెనక్కి తీసేసుకుంది. ఓనరావిడ ఏమీ అడగలేదు, వెళ్ళి వేరే ప్లేటు తెచ్చి అన్నీ కొంచెం కొంచెం విడిగా వడ్డించి అమ్మ ముందు పెట్టారు. ఆ మర్యాద నేను మర్చిపోలేను. అమ్మ కుడిచేత్తో ఇంజెరా తుంపి పప్పు అద్దుకుని తినడం మొదలుపెట్టింది, ఇక్కడ అందరూ చేత్తోనే తింటారు, అదీ కుడిచేత్తోనే, స్పూను అడిగితే ఇస్తారు కానీ అడక్కండి.

మా బాబు మాత్రం చొక్కా మీదంతా పూసుకుంటున్నాడు. అమ్మ చూసి చూసి ఇంక ఉండలేక తన ప్లేటులోంచే ఇంజెరా ముక్కలో పప్పు, క్యాబేజీ పెట్టి చుట్టి వాడి నోట్లో పెట్టింది. అంతే, కౌంటర్ దగ్గర్నుంచి ఓనరావిడ "గుర్షా! గుర్షా!" అని నవ్వుకుంటూ వచ్చేశారు. వాళ్ళలో మనకి ఇష్టమైనవాళ్ళ నోట్లో ముద్ద పెట్టడాన్ని గుర్షా అంటారు, పెద్దవాళ్ళు పెడితే కాదనకూడదు, ఒక్కటి పెట్టి ఆపకూడదు కూడా. మా అమ్మకి నేను ఇది తెలుగులో చెప్తే "అవును మరి, ఒక్క ముద్ద పెడతారా ఎవరైనా, మారు పెట్టొద్దూ" అని వాడికి ఇంకోటి పెట్టింది. గోరుముద్దకి ఇంకో దేశంలో పేరుందని ఆరోజే తెలిసింది మాకు. నాలుగోసారి వెళ్ళేసరికి అమ్మ వేరే ప్లేటు అడగలేదు.

తర్వాత అమ్మకీ, ఓనరావిడకీ బాగా కుదిరింది. ఓనరావిడకి అరవై పైనే ఉంటాయి, అక్కడ స్కూల్లో లెక్కలు చెప్పిన మాస్టారు ఇండియా ఆయనేనట, కేరళనో ఏదో గుర్తులేదు కానీ చాక్‌పీసు విసిరేవారని గుర్తుంది. ఇథియోపియాలో ఆ తరంవాళ్ళని ఎవర్ని కదిపినా ఒక ఇండియన్ టీచర్ కథ చెప్తారు. ఈ మధ్య కాలంలో మన ఆంధ్రా నుంచి కూడా లెక్చరర్లు అక్కడి యూనివర్సిటీలకి చాలామంది వెళ్ళారు కదా, మా ఆయన వాళ్ళ బాబాయి కూడా అక్కడి మెకెలె ఊళ్ళో పాఠాలు చెప్పొచ్చారు.

వీళ్ళిద్దరూ ఉపవాసాలు లెక్కపెట్టుకోవడం చూడాలి. మా అమ్మ శనివారం నీచు ముట్టదు, కార్తీకమాసం మొత్తం అసలే ముట్టదు. ఆవిడకి బుధవారం, శుక్రవారం, ఈస్టర్ ముందు 55 రోజులు, ఇంకా మిగతావీ కలిపితే ఏడాదికి 200 రోజుల పైనే. వాళ్ళ ఆర్థడాక్స్ క్రైస్తవంలో ఉపవాసం అంటే మాంసం, గుడ్లతో పాటు పాలు, వెన్న, నెయ్యి కూడా ఉండవు. అందుకే వాళ్ళ శాకాహారం ఇంత గట్టిగా, ఇన్ని రకాలుగా ఉంది. మన వాళ్ళలో వీగన్ తినేవాళ్ళకి ఇంతకన్నా మంచి చోటు ఉండదు. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి, మామూలు రోజుల్లో కొన్నిటిలో నిటెర్ కిబ్బె అని మసాలా వేసి కాచిన నెయ్యి వేస్తారు, మెనూలో అది రాసి ఉండదు, నెయ్యి వద్దనుకునేవాళ్ళు "సోమ్" అని చెప్పండి, ఉపవాసం వంట అని వాళ్ళకి అర్థమైపోతుంది. వంటిల్లు మాత్రం ఒకటే, మాంసం వండేచోట వండింది తిననివాళ్ళు అది చూసుకుని వెళ్ళాలి.

మాంసం తినేవాళ్ళకి డోరో వాట్. కోడి, ఉడికించిన గుడ్డు, బెర్బెరె, ఇంకా గుట్టలకొద్దీ ఉల్లిపాయలు, ఆ ఉల్లిపాయల్ని ముందు నూనె చుక్క లేకుండా గంటసేపు అలా కలుపుతూ మగ్గపెడతారు, అందుకే పులుసు అంత చిక్కగా, నల్లగా, కొంచెం తియ్యగా వస్తుంది. పండక్కి చేసే కూర అది. రుచికి వంక పెట్టను, కానీ 21 డాలర్లకి ఒక్క లెగ్ పీసు, ఒక్క గుడ్డు ఇస్తారు, అది నాకు ప్రతిసారీ తక్కువే అనిపిస్తుంది. టిబ్స్ అంటే ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి వేయించిన మాంసం ముక్కలు, గొర్రెది తీసుకోండి, బీఫ్ టిబ్స్ ఒకసారి అద్భుతంగా ఉంటే ఇంకోసారి నమల్లేకపోయాం. కిట్ఫో పచ్చి బీఫ్ కీమా, అది తినేది మా ఆయనొక్కరే, ఆయన లెబ్‌లెబ్ అని కొంచెం వేడి తగిలించి ఇమ్మంటారు. నాకు దాని గురించి చెప్పే అర్హత లేదు.

ఇబ్బందులు కూడా చెప్పాలి. శుక్రవారం రాత్రి పనిచేసేవాళ్ళు ఇద్దరే, మేం 50 నిమిషాలు కూర్చున్న రోజుంది, నీళ్ళు కూడా రెండుసార్లు అడిగితే వచ్చాయి. శనివారం తొమ్మిది దాటాక పాటలు పెడతారు, పక్కవాళ్ళ మాట వినపడదు, చిన్నపిల్లలతో ఆ టైముకి వద్దు. పార్కింగ్ ఆరు కార్లకే. అన్నిటికన్నా ముఖ్యమైంది, మామూలుగా ఇచ్చే ఇంజెరాలో టెఫ్‌తో పాటు గోధుమపిండి కూడా కలుపుతారు, గోధుమల్లో ఉండే గ్లూటెన్ అనే పదార్థం టెఫ్‌లో ఉండదని ఎక్కడో చదివి గ్లూటెన్ పడనివాళ్ళు అలా వెళ్ళి తినేస్తే ఇబ్బంది. వంద శాతం టెఫ్‌ది కావాలంటే ఒకరోజు ముందు ఫోన్ చెయ్యాలి, మనిషికి 3 డాలర్లు ఎక్కువ. రంగు ముదురుగా, పులుపు గట్టిగా ఉంటుంది, నాకైతే అదే ఇష్టం.

ఆదివారం మధ్యాహ్నం వెళ్తే కాఫీ ఉంటుంది, దానికి మాత్రం గంటన్నర చేతిలో పెట్టుకుని వెళ్ళండి. కాఫీ పుట్టిన దేశం వాళ్ళది, ఆ సంగతి వాళ్ళు కాఫీ పెట్టే పద్ధతిలో తెలుస్తుంది. తెల్లచీర లాంటి అంచు బట్ట కట్టుకుని ఓనరావిడ కోడలు నేలమీద గడ్డి పరిచి చిన్న పీట మీద కూర్చుని పచ్చి కాఫీ గింజలు కడిగి చిన్న మూకుడులో వేయిస్తుంది. గింజలు చిటపటమని నల్లబడి పొగ వచ్చాక ఆ మూకుడు పట్టుకుని ప్రతి టేబుల్ దగ్గరికీ వస్తుంది, చేత్తో పొగని మనవైపు తిప్పుకుని వాసన చూడాలి. పక్కన నిప్పుల మీద ధూపం. మా అమ్మ "సాంబ్రాణి వేశారే" అని లేచి కూర్చుంది. తర్వాత దంచి, జెబెనా అని సన్న మెడ ఉన్న మట్టికూజాలో కాచి, పిడి లేని చిన్న కప్పుల్లోకి పైనుంచి సన్నటి ధారగా ఒక్క చుక్క ఒలక్కుండా పోస్తుంది. పాలుండవు, పంచదార ఉంటుంది, పక్కన గిన్నెడు పాప్‌కార్న్. మూడు వాయిలు, అబోల్, టోనా, బరకా, అదే పొడిలో మళ్ళీ నీళ్ళు పోసి కాస్తారు కాబట్టి వాయి వాయికీ పలచనవుతుంది. మూడోది తాగకుండా లేస్తే బాగోదు, అది దీవెనట. ఫిల్టర్ కాఫీ తప్ప ముట్టని మా అమ్మ మూడూ తాగింది.

సెప్టెంబర్ 11న వాళ్ళ కొత్త సంవత్సరానికి కూడా వెళ్ళాం, మనకి 2025 అయితే వాళ్ళ లెక్కలో 2018 వచ్చింది ఆరోజు, పదమూడు నెలల క్యాలెండర్ వాళ్ళది. టేబుళ్ళ మీద పసుపు పూలు, అందరికీ రొట్టె ఫ్రీ. నవంబర్‌లో అమ్మ వెళ్ళేముందు ఓనరావిడ రెండు కిలోల షిరో పిండి కవర్లో కట్టి ఇచ్చారు, డబ్బులు తీసుకోలేదు. ఇప్పుడు వైజాగ్‌లో శనివారం రాత్రి అట్లలోకి అదే చేస్తున్నానని అమ్మ వీడియో కాల్‌లో చూపిస్తోంది.

ముగ్గురు తినడానికి వెజ్ కాంబో ఇద్దరిది, ఒక షిరో చట్టి, రెండు పప్పు సంబూసాలు (మన సమోసాల్లాంటివే) చాలు, టిప్‌తో 60 డాలర్ల లోపు అవుతుంది. మిగిలిన ఇంజెరా కట్టించుకోండి, మర్నాడు పొద్దున ముక్కలు తుంపి ఉల్లిపాయ, బెర్బెరె వేసి కలిపితే ఫిర్‌ఫిర్, నేను ఆవాలు కరివేపాకు తాలింపు పెడతాను, ఇడ్లీ ఉప్మా కన్నా బాగుంటుంది. కౌంటర్ దగ్గర పది ఇంజెరాల ప్యాకెట్ కూడా అమ్ముతారు, శుక్రవారం మధ్యాహ్నానికల్లా అయిపోతాయి, ముందే చెప్పి పక్కన పెట్టించుకోండి. సోమవారం సెలవు.