నానోడిస్క్ కిట్: సరుకు మంచిదే, సూచనల కాగితంతోనే చిక్కు

రిసెప్టర్ ప్రోటీన్లని (కణం పొరలో ఉండి సంకేతాలు అందుకునేవి) డిటర్జెంట్‌లోంచి, అంటే వాటిని పొర నుంచి విడదీసే సబ్బులాంటి పదార్థంలోంచి తీసి, మళ్లీ లిపిడ్ (కొవ్వు) పొరలో పెట్టి చూడాలనుకునేవాళ్ల కోసం రాస్తున్నా. ఆరు నెలలుగా ఈ కిట్ వాడుతున్నాను. డబ్బాలో లిపిడ్ ముక్క అంచు చుట్టూ పట్టీలా చుట్టుకునే ఎంఎస్‌పీ1డీ1 అనే బెల్ట్ ప్రోటీన్, పీఓపీసీ, డీఎంపీసీ, డీపీపీసీ అని మూడు లిపిడ్లు, కోలేట్ అనే డిటర్జెంట్, డిటర్జెంట్‌ని పీల్చేసే పూసలు వస్తాయి. అన్నీ కలిపి పూసలు వేస్తే డిటర్జెంట్ పోయి, సుమారు 10 నానోమీటర్ల వెడల్పున్న గుండ్రటి లిపిడ్ ముక్కలు, అంటే నానోడిస్కులు తయారవుతాయి, వాటి మధ్యలో మన రిసెప్టర్ కూర్చుంటుంది.

నేను కొన్నది రొడాప్సిన్ కోసం, కంట్లో వెలుగుని పసిగట్టే రిసెప్టర్ అది. డీడీఎం డిటర్జెంట్‌లో దానిమీద వెలుగు వేస్తే నేరుగా మెటా-2 అనే ఉత్తేజిత రూపంలోకి వెళ్లిపోతుంది, దానికి ముందు మధ్యలో ఉండే మెటా-1 రూపం చేతికి చిక్కదు. అసలైన పొరలో అలా కాదు, రెండు రూపాలూ కలిసే ఉంటాయి, చల్లగా ఉంటే తూకం మెటా-1 వైపు, వేడి పెరిగితే మెటా-2 వైపు మొగ్గుతుంది. మెటా-2 రావాలంటే ప్రోటీన్‌లో స్ప్రింగులా చుట్టుకున్న భాగాల్లో (హెలిక్సుల్లో) ఆరోది బయటికి జరగాలి, చుట్టూ ఉన్న లిపిడ్లు దానికి చోటివ్వాలి. డిటర్జెంట్ అడ్డు చెప్పదు కాబట్టి అక్కడ చూసిన ఆకారాన్నే కణంలోని ఆకారం అనుకుంటే మోసపోతాం.

కిట్‌తో మొదటిసారి చేసింది బాగా గుర్తుంది. మసక ఎర్ర లైటులో, పీఓపీసీ డిస్కుల్లో పెట్టిన శాంపిల్‌ని 10 డిగ్రీల దగ్గర ఉంచి వెలుగు వేశాను. ఏ రంగు వెలుగుని ఎంత పీల్చుకుంటోందో కొలిస్తే, 480 నానోమీటర్ల దగ్గర మెటా-1 శిఖరం చక్కగా నిలబడింది, మెటా-2 కనిపించే 380 దగ్గర కొంచెమే లేచింది. ఇంకో శాంపిల్‌ని 25 డిగ్రీల దగ్గర చేస్తే 480 కిందికి పోయి 380 లేచింది, క్యువెట్‌లో (శాంపిల్ పోసే చిన్న గాజు గొట్టంలో) ఎరుపు పోయి పసుపు తేలింది. అదే ప్రోటీన్, అవే లిపిడ్లు, మారింది టెంపరేచర్ ఒక్కటే. ఈ ఒక్క ప్రయోగానికే నా దృష్టిలో కిట్ కొన్నందుకు ఫలితం దక్కింది.

ఇక సూచనల కాగితం సంగతి. ఏ లిపిడ్ అయినా 4 డిగ్రీల దగ్గరే కలపమని అందులో ఉంది. పీఓపీసీకి అది సరే, అది సుమారు మైనస్ 2 దగ్గరే కరుగుతుంది. డీఎంపీసీ 24 దగ్గర, డీపీపీసీ 41 దగ్గర కరుగుతాయి, కలిపేటప్పుడు కూడా ఆ టెంపరేచర్‌కి దగ్గర్లో ఉండాలి. కాగితాన్ని నమ్మి డీపీపీసీని చలిలోనే కలిపితే ట్యూబ్ అంతా పాలలా తెల్లబడింది, రెండు వారాల ప్రోటీన్ పోయింది. కంపెనీకి మెయిల్ పెడితే కొత్త లాట్ పంపుతాం అన్నారు, లాట్‌లో తప్పేమీ లేదని నేనే వాళ్లకి చెప్పాల్సి వచ్చింది. లిపిడ్ నిష్పత్తి కూడా అన్నిటికీ ఒకటే రాశారు. ఒక్కో బెల్ట్ ప్రోటీన్‌కి పీఓపీసీ అణువులు 65 దాకా సరిపోతాయి, డీపీపీసీ దగ్గరదగ్గరగా సర్దుకుంటుంది కాబట్టి ఇంకా ఎక్కువ పడుతుంది. పైగా మీ రిసెప్టర్ 41 డిగ్రీలకి తట్టుకోలేనిదైతే ఆ డీపీపీసీ ట్యూబ్ మీకు పనికిరాదు, ఈ మాట డబ్బా మీదే ఉండాల్సింది.

ఇంకో లోటు, కొలెస్ట్రాల్ లేదు, పీఈ, పీజీ లిపిడ్లూ లేవు. బీటా-2 అడ్రినర్జిక్ రిసెప్టర్ (అడ్రినలిన్‌ని అందుకునేది) మీద పనిచేసేవాళ్లు ఇవి విడిగా కొనుక్కోక తప్పదు. 2008లో వచ్చిన దాని నిర్మాణంలో హెలిక్సుల మధ్య గాడిలో కొలెస్ట్రాల్ కనిపించింది. పీజీ ఉంటే ఆ రిసెప్టర్ ఉత్తేజపరిచే మందుల వైపు, పీఈ ఉంటే అడ్డుకునే మందుల వైపు మొగ్గుతుందని కూడా చూపించారు. ఒట్టి పీఓపీసీలో కొలిచి అదే నిజమనుకుంటే కష్టం.

బెల్ట్ ప్రోటీన్ శుద్ధత మాత్రం మూడు లాట్లలోనూ ఒకేలా ఉంది, ప్రోటీన్లని సైజుని బట్టి విడదీసే జెల్ మీద ఒక్కటే గీత. 5కి 3.5 ఇస్తాను. ఇప్పుడు పెద్ద బెల్ట్ ఉన్న కిట్ ఆర్డర్ పెట్టాను. 10 నానోమీటర్ల డిస్కులో రిసెప్టర్ చుట్టూ లిపిడ్లకి చోటు తక్కువ, అంచు దాన్ని నొక్కుతోందేమోనని అనుమానం. అది రాగానే ముందు డీఎంపీసీతో, 20 దగ్గరొకసారి, 28 దగ్గరొకసారి చేసి చూస్తా.