రాణిగంజ్‌లో కొన్న 88 డిగ్రీల థర్మోస్టాట్

నా పెట్రోల్ కారుకి పదేళ్లు. రెండేళ్ల కిందట రేడియేటర్ పని చేసిన మెకానిక్ "మన ఎండలకి ఇదెందుకు సార్" అంటూ థర్మోస్టాట్ పీకి పక్కన పడేశాడు. ఇంజిన్ తగినంత వేడెక్కేదాకా కూలెంట్‌ని, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవాన్ని, రేడియేటర్‌కి పోనివ్వకుండా ఆపే వాల్వ్ అది. నేనూ తలూపాను. ఆ తర్వాత మైలేజీ పడిపోతుంటే పెట్రోల్ బంకులను తిట్టుకుంటూ తిరిగాను.

మొన్న డిసెంబరులో చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది. బండి కంప్యూటర్‌లోని లెక్కలు చూపించే ఓబీడీ స్కానర్ తగిలించి, తెల్లవారుజామున ఔటర్ రింగ్ రోడ్డు మీద శంషాబాద్ దాకా వెళ్లాను. అరగంట నడిపినా కూలెంట్ 64 డిగ్రీలు దాటలేదు! బండి ఇంకా వేడెక్కలేదనుకుని కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ పోస్తూనే ఉంటుంది. ఇంజిన్ ఆయిల్లో చేరిన తేమ కూడా ఆవిరైపోదు.

రాణిగంజ్‌లో ఓ ఇరుకు స్పేర్స్ షాపుకి వెళ్లి, తెలివిగా "82 డిగ్రీలది ఇవ్వండి, చల్లగా ఉంటుంది" అన్నాను. కౌంటర్ వెనక పెద్దాయన బండి మోడల్, సంవత్సరం అడిగి, "మీ దానికి 88ది వస్తది సార్, 82 ఏం చేసుకుంటరు?" అన్నాడు. ఆయన మాటే నిజం. ఆ అంకె వాల్వ్ తెరుచుకోవడం మొదలయ్యే వేడి. లోపలి మైనం కరిగి ఉబ్బి వాల్వ్‌ని తోస్తుంది, పూర్తిగా తెరుచుకోవాలంటే ఇంకో పది పదిహేను డిగ్రీలు కావాలి. అమీర్‌పేట ట్రాఫిక్‌లో బండి కాగిపోతుంటే 82దైనా 88దైనా తెరుచుకునే ఉంటుంది. అక్కడ కాపాడాల్సింది ఫ్యాన్, రేడియేటర్.

650 రూపాయలు. ఇంటికొచ్చి దారం కట్టి వేడినీళ్లలో వేలాడదీశాను. థర్మామీటర్ 87 చూపిస్తుండగా వాల్వ్ కదిలింది. మా ఆవిడ లేచేలోపు పాలగిన్నె తోమి బోర్లించేశాను.

బిగించాక పది నిమిషాల్లో 88కి చేరి, ఔటర్ మీద 90 దగ్గర నిలబడుతోంది. మైలేజీ పన్నెండున్నర నుంచి పద్నాలుగున్నరకి వచ్చింది. పికప్ పెద్దగా మారలేదు కానీ, పొద్దున్నే మూడో గేర్‌లో వచ్చే ఈడుపు పోయింది.

అసంతృప్తి ఒకటే. డబ్బాలో రబ్బరు రింగు లేదు, చెప్పనూ లేదు. పాతదే వేస్తే కూలెంట్ కారింది. నలభై రూపాయల రింగు కోసం మళ్లీ రాణిగంజ్ వెళ్తే, బండి పెట్టడానికి చోటు దొరికేసరికి ముప్పావుగంట పట్టింది.