ఇగ్నో పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్: డ్యూటీ మానకుండా చదివి, లైసెన్సు పరీక్షల దాకా వెళ్లాక నా సమీక్ష

ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు మన తెలుగు పిల్లలు చాలామంది జీఎన్ఎం (మూడేళ్ల నర్సింగ్ డిప్లొమా) చేసి వార్డుల్లో పనిచేస్తున్నారు. వాళ్లు నన్ను అడిగేవి రెండే ప్రశ్నలు. "అక్కా, ఉద్యోగం వదలకుండా డిగ్రీ అవుతుందా? ఆ డిగ్రీతో బయటి దేశం పరీక్ష గట్టెక్కుతామా?" మొదటిదానికి నా జవాబు: అవుతుంది, బాగానే అవుతుంది. రెండోదానికి మాత్రం ఈ చదువొక్కటే చాలదు. ఈ కోర్సూ చదివాను, ఆ పరీక్షలకీ చదివాను కాబట్టి వివరంగా చెబుతాను.

ముందుగా, ఇగ్నో (ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం) దూరవిద్యలో నడిపే ఈ కోర్సు నర్సు కానివాళ్లని నర్సుని చేసేది కాదు. రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో ఆర్ఎన్ ఆర్ఎం (నర్సుగా, మంత్రసానిగా) రిజిస్ట్రేషన్ ఉండి, డ్యూటీ చేస్తున్నవాళ్ల కోసం పెట్టింది. ఇంటర్ తర్వాత జీఎన్ఎం చేసినవాళ్లకి 2 ఏళ్ల అనుభవం కావాలి. టెన్త్‌తోనే జీఎన్ఎం చేసిన పాతవాళ్లకైతే 5 ఏళ్లు. ప్రవేశ పరీక్ష ఉంటుంది. కోర్సు కనీసం 3 ఏళ్లు. కాలేజీకి వెళ్లి రెగ్యులర్‌గా చేస్తే 2 ఏళ్లలో అయిపోతుంది, కానీ ఆ 2 ఏళ్లూ ఇంటికి జీతం రాదు. ఇల్లు నా జీతం మీద నడుస్తోంది గనక నేను 3 ఏళ్ల దారే పట్టాను, ఇప్పటికీ అదే సరైనదంటాను.

"ఇంట్లో కూర్చుని జీఎన్ఎం" అని ఎవరైనా కరపత్రం చేతిలో పెడితే నమ్మకండి. దూరవిద్యలో చేసిన జీఎన్ఎంని, ఏఎన్ఎంని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తించదు. ఎమ్మెస్సీ నర్సింగ్ కూడా అంతే. కౌన్సిల్ గుర్తింపు లేని చదువుకి రిజిస్ట్రేషన్ రాదు, రిజిస్ట్రేషన్ లేనిదే చాలా దేశాల్లో లైసెన్సు పరీక్షకి అర్హత ఉండదు. పొలం తాకట్టు పెట్టి ఫీజు కట్టిన కుటుంబం ఒకటి నాకు బాగా తెలుసు. ఆ అమ్మాయి చేతిలో ఉన్న సర్టిఫికెట్ ఈరోజు ఎక్కడా చెల్లడం లేదు.

ఇక పుస్తకాలు. నాకు ఈ కోర్సులో అన్నిటికంటే నచ్చినవి అవే. చిన్న చిన్న యూనిట్లు, మధ్యమధ్యలో మన చదువుని మనమే సరిచూసుకునే ప్రశ్నలు, చివర్లో జవాబులు. నైట్ డ్యూటీలో వార్డు సద్దుమణిగాక ఒక యూనిట్ చదివేయొచ్చు. ముద్రించిన పుస్తకాలు రావడం ఆలస్యమైనా చింత లేదు, ఇగ్నో వాళ్ల వెబ్‌సైట్ ఈజ్ఞానకోశ్‌లో అవే పాఠాలు ఉచితంగా దొరుకుతాయి, ఫోన్‌లో దించుకోవచ్చు. పాత ముద్రణ చేతికొస్తే మాత్రం జాతీయ కార్యక్రమాల భాగం సరిచూసుకోండి. క్షయ కార్యక్రమం పేరు 2020లో మారింది, అంతకుముందే వారానికి మూడుసార్లు మింగించే మందులు రోజువారీ అయ్యాయి. పరీక్షలో పాతది రాస్తే మార్కులు పోతాయి, వార్డులో పాతది చేస్తే రోగికి నష్టం.

చదివింది పనిలో కనబడిందా అంటే, కనబడింది. మా జిల్లాలో సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్త జబ్బు) ఎక్కువ. 2023లో జాతీయ మిషన్ మొదలయ్యాక రక్తపరీక్షలు పెరిగాయి, కొత్త రోగులు బయటపడుతున్నారు. నొప్పితో మెలికలు తిరుగుతూ పిల్లాడొస్తే ఇదివరకు డాక్టరు రాసిన ఆర్డరు చూసి ఇంజెక్షన్ ఇచ్చేదాన్ని. కోర్సులో కేర్ ప్లాన్ (ఏ రోగికి ఏ సేవలు చేయాలో రాసుకునే పత్రం) రాయడం అలవాటయ్యాక, ఆర్డరు వచ్చేలోపే జ్వరం, ఆక్సిజన్ చూస్తున్నాను, ద్రవాలు ఎంత తాగాడో రాస్తున్నాను, దుప్పటి కప్పి వెచ్చగా ఉంచుతున్నాను, నొప్పి ఎంతుందో అంకెల్లో అడిగి ఛార్టులో పెడుతున్నాను. తల్లికి చెప్పేటప్పుడు నాకు వచ్చిన నాలుగు కువి (ఇక్కడి కోందుల భాష) మాటలు, మిగతాది ఒడియా. ఇంట్లో తెలుగు, వార్డులో ఒడియా, పుస్తకంలో ఇంగ్లిషు అయ్యేసరికి మనవాళ్లు పరీక్షలో తడబడేది విషయం దగ్గర కాదు, రాసే వేగం దగ్గర. చదివిన యూనిట్ మీద రోజూ ఒక పేజీ ఇంగ్లిషులో రాస్తే తప్ప చేతికి ఆ వేగం రాదు. అసైన్‌మెంట్లు అందుకే పనికొస్తాయి. వాటికి 30 శాతం, టర్మ్ ఎండ్ పరీక్షకి 70 శాతం మార్కులు. పక్కవాళ్లవి చూసి దించేస్తే ఆ 30 రావచ్చు గానీ 70 దగ్గర ఆగిపోతారు.

కష్టమంతా ప్రాక్టికల్స్‌లో ఉంది. కోరాపుట్‌లో ఇగ్నో ప్రాంతీయ కేంద్రం ఉంది, కాగితాల పనికి అక్కడికి వెళ్లొచ్చు. ప్రాక్టికల్స్ మాత్రం మనకి కేటాయించిన నర్సింగ్ కాలేజీలో చేయాలి, హాజరు తప్పనిసరి. మన వైపు వాళ్లకి అది రైలు ప్రయాణమే. కొంత పని మన వార్డులోనే చేసి రికార్డు రాసుకునే వీలుంది. మిగతాదానికి సెలవు కావాలి. షెడ్యూలు తెలిసిన రోజే ఇన్‌చార్జి సిస్టర్‌కి, సూపరింటెండెంట్‌కి లిఖితపూర్వకంగా ఇవ్వండి. పండగ డ్యూటీలు మీరు తీసుకుని, ఆ రోజులకి బదులు అడగండి. పైవాళ్లు సహకరించని చోట పనిచేస్తుంటే ఈ కోర్సు చాలా భారమవుతుంది, చేరేముందే మాట్లాడుకోండి. రికార్డు పుస్తకాలు మాత్రం ఏ రోజుది ఆ రోజే రాసి సంతకం పెట్టించుకోవాలి.

డిగ్రీ వచ్చాక మొదటి పని, కౌన్సిల్‌లో దాన్ని అదనపు అర్హతగా నమోదు చేయించడం. మీ లైసెన్సు జీఎన్ఎంతో వచ్చినదే, డిగ్రీ దాని మీద చేరుతుంది. ఆధార్‌తో ముడిపడిన జాతీయ నర్సుల నమోదు సంఖ్య తీసుకోకపోతే అదీ చేయించండి. ఆంధ్రాలో జీఎన్ఎం చేసి ఇటు పనికొచ్చినవాళ్లు ఒడిశా కౌన్సిల్‌కి రిజిస్ట్రేషన్ మార్పించుకోవాలి. ఒడిశా ప్రభుత్వ నర్సింగ్ ఆఫీసర్ పోస్టుకి ఒడియా చదవడం, రాయడం కూడా రావాలి. తెలుగు మీడియంలో చదివిన పిల్లలు ఏడో తరగతి స్థాయి ఒడియా పరీక్ష సంగతి ముందే చూసుకోవాలి.

మన దేశంలో ఈ డిగ్రీ లాభం బాగా తెలిసేది ఎయిమ్స్ వాళ్లు నర్సింగ్ ఆఫీసర్ ఉద్యోగాలకి పెట్టే నార్సెట్ పరీక్ష దగ్గర. డిప్లొమా ఒక్కటే ఉంటే కనీసం 50 పడకల ఆసుపత్రిలో 2 ఏళ్ల అనుభవం చూపాలి. మన బ్లాకుల్లో సీహెచ్‌సీ (సామాజిక ఆరోగ్య కేంద్రం) అంటే 30 పడకలే, అక్కడ ఎన్నేళ్లు చేసినా ఈ లెక్కలోకి రాదు. పోస్ట్ బేసిక్ ఉంటే ఆ షరతు ఉండదు. కాకపోతే సాధారణ వయసు పరిమితి 30. అనుభవం 2, చదువు 3 కలిపితే 5 ఏళ్లు, కాబట్టి చేరాలనుకున్నవాళ్లు వాయిదా వేయకండి. తప్పు జవాబుకి మూడో వంతు మార్కు కోత కూడా గుర్తుంచుకోండి.

ఇక విదేశీ లైసెన్సులు. ఇక్కడ ఇగ్నో చదువుకి, అమెరికా నర్సు లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్‌కి తేడా ఒక్క ఉదాహరణతో చెబుతాను. కాన్పు తర్వాత రక్తస్రావం గురించి మనకి "కారణాలు, నర్సింగ్ సేవలు వివరించండి" అని వస్తుంది, మూడు పేజీలు రాస్తాం. ఎన్‌క్లెక్స్‌లో "బాలింత గర్భాశయం మెత్తగా ఉంది, కుడివైపుకి జరిగింది, ముందు ఏం చేస్తావు?" అని వస్తుంది. నాలుగు జవాబులూ మనం వార్డులో చేసేవే. పక్కకి జరిగిందంటే మూత్రాశయం నిండి ఉందని తట్టాలి, ముందు దాన్ని ఖాళీ చేయించాలి. జరగకుండా మెత్తగా మాత్రమే ఉంటే ముందు గర్భాశయం మర్దన. ఇది పుస్తకంలో ఉంది, కానీ ఏది ముందో తేల్చుకోవడం ప్రశ్నలు చేస్తేనే వస్తుంది.

ఆ పరీక్ష 2023 ఏప్రిల్ నుంచి కొత్త రూపంలో ఉంది. 85 నుంచి 150 ప్రశ్నలు, 5 గంటలు, మన జవాబుని బట్టి తర్వాతి ప్రశ్న కష్టం మారుతుంది. ఒకే రోగి మీద వరసగా 6 ప్రశ్నలు అడిగే కేసులు ఉంటాయి. ఫీజు 200 డాలర్లు, అమెరికా బయట రాస్తే మరో 150. దాంతోపాటు అమెరికాలో ఒక్కో రాష్ట్ర బోర్డు మన జీఎన్ఎం థియరీ, క్లినికల్ గంటలు సబ్జెక్టు వారీగా చూస్తుంది. జీఎన్ఎం మార్కుల పట్టీ, గంటల వివరం మీ పాత స్కూల్ నుంచి తెచ్చుకోండి. మందుల పేర్లు కూడా మారతాయి: మన పారాసిటమాల్ అక్కడ అసిటమినోఫెన్, సాల్బుటమాల్ అల్బుటెరాల్, పెథిడిన్ మెపెరిడిన్.

యూకే పరీక్షలో లెక్కల భాగం విడిగా ఉంటుంది. 500 మి.లీ. సెలైన్ 4 గంటల్లో ఎక్కాలి, మి.లీ.కి 20 చుక్కల సెట్టు అయితే నిమిషానికి దాదాపు 42 చుక్కలు. ఇలాంటివి కాలిక్యులేటర్ లేకుండా రోజూ చేయండి, వార్డులోనూ పనికొస్తాయి. ఇంగ్లిషుకి ఐఈఎల్‌టీఎస్‌లో వినడం, చదవడం, మాట్లాడటంలో 7, రాయడంలో 6.5 రావాలి. నా ఉద్దేశంలో నర్సులకి ఓఈటీ (వైద్యరంగం వాళ్లకి పెట్టే ఇంగ్లిషు పరీక్ష) మేలు, అందులో వచ్చే సంభాషణ మన వార్డుదే. గల్ఫ్ వైపు వెళ్లేవాళ్లకి పరీక్ష తేలికే, డేటాఫ్లో అనే సంస్థ చేసే సర్టిఫికెట్ల పరిశీలనలోనే నెలలు పోతాయి. వాళ్లు కాలేజీకి, కౌన్సిల్‌కి, ఆసుపత్రికి నేరుగా రాసి అడుగుతారు. అనుభవ పత్రంలో ఉన్న తేదీలు ఆసుపత్రి రిజిస్టరుతో కలవాల్సిందే.

డబ్బు కట్టి ఒక ప్రశ్నల యాప్ చాలాకాలం వాడాను. ప్రశ్నలు బోలెడు, జవాబు ఎందుకు తప్పో చెప్పే వివరణలు మాత్రం రెండు ముక్కలు. ఈ పరీక్షల సారమంతా ఆ వివరణలోనే ఉంటుంది. కొనేముందు ఉచితంగా చూపే ప్రశ్నల్లో తప్పు జవాబులకి కూడా కారణం రాశారో లేదో చూడండి. రాయకపోతే అది మీకు వద్దు.

ఇంకొకటి, మన సరిహద్దు వాళ్లకి తప్పని చిక్కు. తెలుగు సర్టిఫికెట్లలో ఇంటిపేరు ముందుంటుంది, చాలాసార్లు ఒక అక్షరమే ఉంటుంది. ఒడిశాలో రాసినవాటిలో పూర్తిగా చివర ఉంటుంది. పెళ్లయ్యాక ఆధార్‌లో ఇంకోలా మారుతుంది. టెన్త్, జీఎన్ఎం, కౌన్సిల్, ఆధార్, పాస్‌పోర్టు అన్నీ బల్లమీద పెట్టి అక్షరం అక్షరం పోల్చండి. తేడా ఉంటే ముందు ఆధార్, పాస్‌పోర్టులను టెన్త్ ప్రకారం దిద్దించి, తర్వాత కౌన్సిల్‌లో సరిచేయించండి. ఈ పని ఇగ్నోలో చేరిన మొదటి ఏడాదే మొదలుపెడితే, డిగ్రీ చేతికొచ్చేసరికి కాగితాలు సిద్ధంగా ఉంటాయి. పరీక్ష ఫీజు అప్పుడు కట్టండి.