ముధోల్ జాగిలాన్ని దత్తత తీసుకోవాలా? విశాఖలో ఒక షెల్టర్‌తో మా అనుభవం

విశాఖపట్నం శివార్లలో, రోడ్ల మీద వదిలేసిన కుక్కలను చేరదీసి కొత్త ఇళ్లకు అప్పగించే ఒక షెల్టర్ సేవల గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. పేరు మాత్రం రాయడం లేదు. స్థలానికి మించి కుక్కలున్న చోటు అది, చిరునామా తెలిస్తే రాత్రికి రాత్రి గేటుకు మరో కుక్కను కట్టేసి వెళ్లిపోయేవారు ఉంటారని అక్కడివారే చెప్పారు.

మేము చూడటానికి వెళ్లింది నాలుగేళ్ల ఆడ ముధోల్ జాగిలాన్ని. మధురవాడ దగ్గర హైవే పక్కన దొరికిందట, మెడ చుట్టూ నైలాన్ తాడు ఒరుసుకున్న చోట ఇప్పటికీ వెంట్రుకలు రాలేదు. కర్ణాటకలోని బాగల్‌కోట్ జిల్లా ముధోల్ పేరు మీద ప్రసిద్ధి పొందిన ఈ వేటజాతికి 2005లో తపాలా బిళ్ల వచ్చింది, 2016లో సైన్యం ఈ కుక్కలను మీరట్‌లో శిక్షణకు తీసుకుంది. ఆ పేరు చూసి పిల్లను కొనుక్కున్నవారికి, ఏడాది తిరిగేసరికి రెండు గదుల ఫ్లాట్‌లో పరుగు కోసం అల్లాడిపోయే జంతువు ఎదురవుతుంది. ఇలాంటి కుక్క రోడ్డు మీదికి రావడానికి దాని తప్పేమీ అక్కర్లేదు.

మొదటి రోజు వారు కుక్కను చూపించనే లేదు. దాదాపు గంటసేపు మమ్మల్నే అడిగారు: పగలు ఇంట్లో ఎవరుంటారు, ఎన్నో అంతస్తు, వీధిలో పిల్లులు, కోళ్లు తిరుగుతాయా, ఊరు వెళ్తే ఎవరికి అప్పగిస్తారు అని. ఆ తర్వాత కుక్కలోని ఇబ్బందులను ఒక్కటీ దాచకుండా చెప్పారు. కంటిచూపుతో వేటాడే జాతి కాబట్టి పరుగెత్తేది ఏది కనబడినా వెంటపడుతుందని, ఎంత మచ్చికైనా వీధిలో గొలుసు విప్పవద్దని, తల మెడకంటే సన్నగా ఉండటం వల్ల మామూలు పట్టీ సులువుగా జారిపోతుంది కనుక ఛాతీ చుట్టూ బిగించే హార్నెస్ వాడాలని వివరించారు. ఒంట్లో కొవ్వు తక్కువ కాబట్టి ఎప్పుడు మత్తు ఇవ్వవలసి వచ్చినా ఇది ఏ జాతో డాక్టరుకు ముందే చెప్పమన్నారు. పక్కటెముకలు కొద్దిగా కనబడటం ఆకలికి గుర్తు కాదని, చూసినవారి మాట విని అతిగా మేపవద్దని కూడా హెచ్చరించారు. మన తీరప్రాంతపు ఉక్కలో పిడుదుల బెడద ఎక్కువ. ఈ కుక్కకు పిడుదుల జ్వరం వచ్చిందని రక్తపరీక్షలో తేలినప్పుడు 28 రోజులు డాక్సీసైక్లిన్ వాడి, మళ్లీ పరీక్ష చేయించిన కాగితాలు రెండూ చూపించారు. ఈ సమీక్షలో నేను ఎక్కువ మార్కులు వేసేది ఈ నిజాయితీకే.

రెండోసారి మా సీతమ్మధార ఇంటికి వచ్చి, బాల్కనీ కమ్మీల మధ్య సందును చేత్తో కొలిచి, వల కట్టించిన తర్వాతే పదిహేను రోజుల పరిశీలనకు పంపించారు. మెట్లంటే ఏమిటో దానికి తెలియదు. మొదటి మెట్టు మీద ముందుకాళ్లు పెట్టి, వెనుకకాళ్లను ఏం చేయాలో తోచక వణికిపోతుంటే మా వారు రెండు చేతులతో ఎత్తుకుని పైకి తెచ్చారు. పాలరాతి నేల మీద పడుకుంటే మోచేతులు ఒరుసుకుపోతున్నాయని మూడోరోజు గమనించి మందపాటి బొంత వేశాం. ఐదోరోజు ఉదయం పిల్లి అడ్డం వచ్చినప్పుడు అది లాగిన లాగుకు నా అరచేయి కమిలిపోయింది. ఇరవై కిలోల బరువు ఒక్క ఉదుటున దూకితే ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది. మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు గొలుసు పట్టుకుంటే పడిపోతారు, ఈ దత్తత విషయంలో మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసింది అదే. ఆవిడే తేల్చి చెప్పారు, "దాన్ని బయటికి తిప్పడం మీ ఇద్దరి పని. పెరుగన్నం మాత్రం నేనే పెడతానమ్మా."

షెల్టర్ వైపు లోపాలూ ఉన్నాయి. గర్భం రాకుండా చేసిన ఆపరేషన్ కాగితం మూడుసార్లు అడిగినా ఇవ్వలేదు. ఒక ఆదివారం కుక్కకు విరేచనాలు పట్టుకుంటే సాయంత్రం దాకా ఎవరూ ఫోన్ ఎత్తలేదు, మాకు తెలిసిన డాక్టరు దగ్గరికి మేమే తీసుకెళ్లాం. అయితే అపార్ట్‌మెంట్ సంఘం అభ్యంతరం చెప్పినప్పుడు, పెంపుడు కుక్కలను నిషేధించే అధికారం సంఘాలకు లేదన్న జంతు సంక్షేమ బోర్డు 2015 నాటి మార్గదర్శకాల ప్రతిని వెంటనే పంపారు. ఏ కారణంతోనైనా పెంచలేకపోతే, ఇంకెవరికీ ఇవ్వకుండా కుక్కను తిరిగి తమకే అప్పగించాలన్న షరతు ఒప్పంద పత్రంలో ఉంది, అది నాకు చాలా నచ్చింది.

రోజూ రెండుపూటలా బలంగా గొలుసు పట్టి నడిపించే మనిషి లేని ఇంటికి ఈ కుక్కను నేను సిఫారసు చేయను. ఇంట్లో పిల్లి ఉన్నా వద్దనే అంటాను. మా మటుకు, ఉదయం నేను, సాయంత్రం మా వారు అని వంతులు వేసుకున్నాం. నిన్న అది మెట్లు తనంతట తానే దిగింది, ఎక్కడానికి మాత్రం ఇంకా మా వారి వంక చూస్తుంది. సోమవారం సంతకాలకు వెళ్తున్నాం, ఆ ఆపరేషన్ కాగితం తీసి ఉంచమని ఈ ఉదయమే మళ్లీ ఫోన్ చేసి చెప్పాను.