పదేళ్ళుగా తిరిగి తిరిగి చూస్తున్న ‘సంవిధాన్’

శ్యామ్ బెనెగల్ టీవీకి ఏం తీశారని అడిగితే అందరూ ‘భారత్ ఏక్ ఖోజ్’ అంటారు. 2014లో ఆయనే రాజ్యసభ టీవీకి తీసిన ‘సంవిధాన్’ పేరు మా స్టాఫ్‌రూమ్‌లో ఒక్కరూ వినలేదు. మన రాజ్యాంగాన్ని తయారుచేసిన రాజ్యాంగ సభలో జరిగిన వాదోపవాదాలను నటులతో చూపించిన పది భాగాల సీరియల్ అది. ఆ ఏడాది మార్చిలో ఒక ఆదివారం ఛానెళ్ళు తిప్పుతుంటే తగిలింది. అప్పట్నుంచి ఏటా ఒకసారైనా మొత్తం చూస్తున్నాను. నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను కాబట్టి నాకు ఆ పిచ్చి ఉండటం సహజమే అనుకోండి.

నన్ను పట్టుకున్నది ఒక్కటే. ఇందులో వాదనకు చోటిస్తారు. ఒకాయన లేచి మాట్లాడితే నిజమే కదా అనిపిస్తుంది. ఎదుటాయన లేస్తే ఇదీ నిజమే అనిపిస్తుంది. ఎవరి పక్షాన నిలబడాలో మనకు ముందే చెప్పేయరు.

1946 డిసెంబరు 17 సంగతే తీసుకోండి. రాజ్యాంగం ఏ లక్ష్యాలతో ఉండాలో చెబుతూ నెహ్రూ పెట్టిన లక్ష్యాల తీర్మానంపై చర్చ జరుగుతోంది. సభకు దూరంగా ఉన్న ముస్లిం లీగ్ వచ్చేదాకా ఆగుదామని సభ్యుడు ఎం.ఆర్. జయకర్ అంటే సభకు నచ్చలేదు. అప్పుడు అధ్యక్షుడు రాజేంద్రప్రసాద్ హఠాత్తుగా అంబేడ్కర్‌ను పిలిచారు. తన ముందు ఇరవైమందికి పైగా ఉన్నారనీ, తన వంతు రేపు వస్తుందనుకున్నాననీ చెప్పి ఆయన మొదలుపెట్టారు. కాంగ్రెస్‌తో అన్నేళ్ళు తలపడిన మనిషి. అలాంటాయన, ఇవాళ మనం ముక్కలై ఉన్నాం, అలాంటి ఒక శిబిరానికి నేనూ నాయకుణ్ణే, అయినా ఈ దేశం ఒకటి కావడాన్ని ఏదీ ఆపలేదు అన్నారు. అంబేడ్కర్‌గా వేసిన సచిన్ ఖేడేకర్ మాటలు అప్పజెబుతున్నట్టు ఉండవు, అప్పుడే ఆలోచించుకుని అంటున్నట్టు ఉంటాయి. పుస్తకంలో నేను ఏళ్ళ తరబడి చెప్పిన పాఠం నాకే మొదటిసారి అర్థమైనట్టయింది.

ఆ ఉత్సాహంతో పిల్లలకు చూపించాను. అది బెడిసికొట్టింది. మావి తెలుగు మీడియం పిల్లలు, సీరియల్ హిందీలో ఉంది. వాక్యానికి ఒకసారి ఆపి తెలుగులో చెప్పాను. వాదన ఊపంతా పోయింది. అరగంటకల్లా వెనక బెంచీలు కునుకు తీశాయి. వాళ్ళ తప్పేం లేదు. నాకు మాత్రం ఇంటికి వెళ్ళాక అన్నం సహించలేదు.

మరుసటి ఏడు జాతీయ భాష చర్చ ఎంచుకున్నాను. వారం ముందే తెలుగులో రాసి పిల్లలకు పంచిపెట్టాను. సీరియల్ పావుగంట చూడటం, ఆపేసి వాళ్ళే లేచి చదవడం. హిందీ రాని పిల్లలు హిందీ సీరియల్లో హిందీ గురించి జరుగుతున్న గొడవ చూస్తున్నారు. వాళ్ళకు ఎవరూ వివరించాల్సిన పని లేకపోయింది! ఒకడు హిందీ పక్షం తీసుకుని బల్ల గుద్ది మరీ చదివాడు. అంతలో ఎప్పుడూ నోరు విప్పని ఒకమ్మాయి లేచి, “సార్, మనవాళ్ళు ఎవరూ మాట్లాడలేదా?” అంది.

నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి రాజ్యాంగ సభ చర్చల సంపుటం తెరిస్తే 1949 సెప్టెంబరు 14న మన తెలుగావిడ దుర్గాబాయి మాట్లాడిన మాటలు దొరికాయి. చిన్నతనంలోనే ఆడపిల్లలకు హిందీ బడి పెట్టి నేర్పిన ఆవిడ. అంత ఇష్టంగా హిందీ నేర్చుకున్న మా ఉత్సాహాన్ని హిందీ కోసం జరుగుతున్న ఈ ఆందోళన చెడగొడుతోందని అదే సభలో బాధపడింది. ఇంగ్లీషు ఇంకో పదిహేనేళ్ళు ఉండాలని సభ తేల్చింది కూడా ఆ రోజే. పొద్దున్నే ఆ కాగితం తీసుకెళ్తే, చదువుతానని ఆ అమ్మాయే లేచింది. గొంతు వణికింది, అయినా చివరిదాకా చదివింది.

మొదట్లో కనిపించినవాళ్ళందరికీ ‘మొదటి భాగం నుంచి వరసగా చూడండి’ అనేవాణ్ణి. ఇప్పుడు అలా అనను. అధికార బదిలీ మాట్లాడటానికి 1946లో బ్రిటన్ పంపిన కేబినెట్ మిషన్ నేపథ్యం తెలియనివాళ్ళు ఆ మొదటి గంటలోనే ఆగిపోతారు, మా బావమరిది అలాగే ఆగిపోయాడు. 165 రోజుల చర్చను పది భాగాల్లో ఇమిడ్చేసరికి అంతా నలుగురైదుగురు పెద్దలే చేశారన్న భావన కూడా కలుగుతుంది. రాజ్యాంగం చిత్తుప్రతి రాసిన ముసాయిదా సంఘంలో మన నెల్లూరు జిల్లా మనిషి అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఉన్నారు. ఆయన పని ఇంకా కనిపించాలని నాకు ప్రతిసారీ అనిపిస్తుంది. మధ్యలో స్వరా భాస్కర్ వచ్చి చెప్పే వ్యాఖ్యానం మాత్రం మొదట అడ్డుగా తోచింది, ఇప్పుడు అదే ఊపిరి తీసుకోనిస్తోంది.

హిందీ కాస్త వచ్చి, మనుషులు కూర్చుని మాట్లాడుకోవడం చూడటం ఇష్టమైతే తప్పకుండా చూడండి. హిందీ బొత్తిగా రాదంటే, పక్కన ఎవరైనా ఉండాలి. తెలుగులోకి డబ్ చేస్తే బావుండునని పదేళ్ళుగా అనుకుంటున్నాను.

ఈ నవంబరు 26కి, రాజ్యాంగ దినోత్సవానికి, బళ్ళో చివరి భాగం వేద్దామనుకుంటున్నాను. 1949 నవంబరు 25న అంబేడ్కర్ చేసిన ప్రసంగాన్ని తెలుగు చేస్తున్నాను, నిన్న రాత్రికి సగం అయింది. దాన్ని చదవడానికి ఇప్పటికే ముగ్గురు పిల్లలు పేర్లిచ్చారు.