దుకాణం ఫ్రీజర్‌కు కాపలా: వైఫైనా, సిమ్మా, లోరానా?

ఫ్రీజర్ చల్లదనం తప్పితే దుకాణదారు ఫోన్‌కు కబురు పంపే పెట్టె తయారు చేయాలి. చల్లదనం కొలిచే సెన్సర్ గురించి తర్జనభర్జన అక్కర్లేదు. స్టీలు తొడుగున్న డీఎస్18బీ20 తీసుకుని, డేటా తీగకూ 3.3 వోల్టుల తీగకూ మధ్య 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెడితే చాలు. మైనస్ 18 డిగ్రీల దగ్గర ఒక డిగ్రీ తేడా రావచ్చు, కాపలా పనికి అది అడ్డు కాదు. తేల్చుకోవాల్సింది కబురు ఏ దారిన వెళ్లాలన్నదే.

వైఫై ఇమిడి ఉన్న చిన్న కంప్యూటర్ బోర్డు ఈఎస్‌పీ32తో వైఫై అన్నిటికంటే తేలిక. కాకపోతే మామూలు ఈఎస్‌పీ32 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే పట్టుకుంటుంది. రౌటర్ పాస్‌వర్డ్ మార్చిన రోజే పెట్టె మూగబోతుంది కాబట్టి, 5 సెకన్లు నొక్కితే సొంత హాట్‌స్పాట్ తెరిచి కొత్త పాస్‌వర్డ్ అడిగే బటన్ తప్పనిసరి. అసలు చిక్కు వేరే ఉంది. కరెంటు పోగానే రౌటరూ ఆగుతుంది. సరుకు కరగడం మొదలయ్యే వేళకే కబురు ఆగిపోతుందన్నమాట.

ఫోన్‌లా సిమ్ కార్డుతో కబురు పంపే సిమ్ మాడ్యూల్‌కు ఆ బెంగ లేదు, బ్యాటరీ ఉంటే చాలు. కానీ సిమ్800ఎల్ లాంటి 2జీ మాడ్యూల్ సిగ్నల్ పంపే క్షణంలో 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. సన్నటి తీగలతో కరెంటిస్తే వోల్టేజి 3.4 కంటే కిందికి జారి, మాడ్యూల్ మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతుంది. చాలామంది దాన్ని సిగ్నల్ లోపమనుకుని యాంటెన్నాలు మారుస్తూ కూర్చుంటారు. పిన్నుల పక్కనే 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెట్టి, పొట్టి, లావు తీగలు వాడండి. చాలా దేశాల్లో 2జీ మూతపడింది, కొత్త డిజైన్‌కు 4జీ మాడ్యూలే తీసుకోవాలి.

లోరా అనే రేడియో పద్ధతి దూరం బాగా వెళ్తుంది, బ్యాటరీ తక్కువ తాగుతుంది. అయితే ఆ కబుర్లు అందుకుని ఇంటర్నెట్‌కు చేర్చే గేట్‌వే విడిగా కావాలి. గోదాములు, ఎక్కువ ఫ్రీజర్లు ఉన్నచోట తప్ప అంత శ్రమ దండగ.

రౌటర్ ఉన్న దుకాణంలో ఒకటి రెండు ఫ్రీజర్లకు వైఫైనే మా ఎంపిక, ఒక్క షరతు మీద: మౌనాన్నే అలారంగా తీసుకోవాలి. పెట్టె 5 నిమిషాలకో రీడింగ్ పంపాలి, వరుసగా మూడు రాకపోతే సర్వరే ఫోన్ మోగించాలి. అప్పుడు రౌటర్ ఆగిపోవడమే కబురవుతుంది. రౌటర్ లేనిచోట సిమ్మే గతి.

ఏ దారి ఎంచుకున్నా దొంగ అలారాలను వడకట్టాలి. సెన్సర్ సరిగ్గా 85 డిగ్రీలు చూపితే అది కొలతే కాదు, కరెంటు అందగానే అందులో ఉండే తొలి విలువ. బోర్డుకు ప్రోగ్రాం రాసే ఆర్డినోలో ఈ సెన్సర్‌కు అందరూ వాడే లైబ్రరీ (సిద్ధంగా దొరికే కోడ్) మైనస్ 127 ఇస్తే తీగ ఊడినట్టు. ఫ్రీజర్ తన మంచును తానే కరిగించుకునే డీఫ్రాస్ట్ వేళ వేడి కాసేపు పెరుగుతుంది, అందుకే హద్దు దాటి 30 నిమిషాలు నిలిస్తేనే మోగనివ్వండి. తలుపు తీసినప్పుడల్లా అంకె ఎగరకుండా సెన్సర్ మొనను చిన్న గ్లిజరిన్ సీసాలో ముంచండి.

తలుపు రబ్బరు కింద నుంచి తీసే తీగ చదునుగా ఉండాలి. గుండ్రటి తీగ సందు వదులుతుంది, అక్కడ రోజురోజుకీ మంచు పేరుకుని తలుపే సరిగా మూసుకోదు.