నీడకు మల్టిప్లై లేయరా, నేరుగా రంగా: ఏది మేలు?

డిజిటల్ బొమ్మలో ఫ్లాట్ రంగులు, అంటే వెలుగునీడలు లేని చదును రంగులు, నింపడం అయ్యాక నీడ వేయడానికి రెండు దారులున్నాయి. పైన ఒక లేయర్ (పారదర్శకమైన పొర) తెరిచి, కింది రంగును ముదురు చేసే మల్టిప్లై మోడ్‌లో పెట్టి, కింది లేయర్‌కు క్లిప్ చేసి (అందులోని బొమ్మ హద్దు దాటకుండా కట్టేసి), ఒకే రంగుతో నీడంతా వేసేయడం ఒకటి. ప్రతి వస్తువుకూ తగిన నీడ రంగు విడిగా ఎంచుకుని కింది రంగును మామూలుగా కప్పేసే నార్మల్ మోడ్‌లోనే పూయడం రెండోది. ఏదో ఒకటే పట్టుకుని చివరిదాకా లాగితే బొమ్మ దెబ్బతింటుంది. నీడ ఎక్కడ పడాలో తేల్చుకోవడానికి మల్టిప్లై మేలు, ఆ నీడకు ప్రాణం పోయడానికి నేరుగా వేసే రంగు మేలు.

మల్టిప్లై చేసేది అక్షరాలా గుణకారమే. కింది రంగు విలువను పై రంగు విలువతో గుణించి 255తో భాగిస్తుంది. నీడకు లేత ఊదా 170, 160, 200 (వరుసగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు, ఒక్కోటి 0 నుంచి 255 దాకా) తీసుకున్నామనుకోండి. 230, 180, 150 ఉన్న చర్మం మీద అది 153, 113, 118 అవుతుంది. పరవాలేదు, చల్లటి నీడలాగే ఉంది. తెల్ల చొక్కా మీద ఊదా ఉన్నదున్నట్టు దిగిపోతుంది, అదీ బాగుంటుంది. 250, 210, 60 ఉన్న పసుపు గుడ్డ దగ్గరే తేడా వస్తుంది: 167, 132, 47 అవుతుంది, అంటే బురద కలిసినట్టుండే పసుపు. ఇక 40, 30, 30 ఉన్న నల్ల జుట్టు 27, 19, 24కు పడిపోయి, లోపలి పాయలన్నీ ఒకే నల్లముద్దగా కలిసిపోతాయి. బొమ్మంతటికీ ఒకే నీడ రంగు సరిపోదు అనేది ఇందుకే.

పసుపు గుడ్డకు చేత్తో వేస్తే నీడను నారింజ వైపు జరిపి 205, 135, 50 దగ్గర పెట్టవచ్చు. వెలుతురు తగ్గినా రంగు చావదు. జుట్టులోనైతే నీడను పెద్దగా ముదర పెట్టకుండా, వెలుగు పడే పాయలను కాస్త పైకి తెస్తే చాలు. ఇదంతా కన్ను పెట్టి ఎంచుకోవాల్సిన పని, అందుకే ఆలస్యం. వెలుతురు కుడి నుంచి ఎడమకు మార్చాలని తర్వాత అనిపిస్తే మొత్తం మళ్లీ వేయాలి. మల్టిప్లైలో అయితే ఆ ఒక్క లేయర్ తుడిచేస్తే సరి. పేజీల కొద్దీ కామిక్ ప్యానెళ్లు వేసేవాళ్లు మల్టిప్లైతోనే ఆగిపోవడం తప్పేమీ కాదు. అక్కడ అన్ని పేజీల్లోనూ నీడ ఒకేలా ఉండటం ముఖ్యం.

మల్టిప్లైతో ఎక్కువమంది చేసే పొరపాటు, ఆకారం వంపు వల్ల వచ్చే నీడను ఒక లేయర్‌లో, ముక్కో చెయ్యో పడవేసే నీడను ఇంకో లేయర్‌లో పెట్టడం. రెండూ కలిసిన చోట రెట్టింపు చీకటి వస్తుంది. అసలు దీపం వెలుగు ఒకసారి అడ్డుపడ్డాక రెండోసారి అడ్డుపడటానికి మిగలదు కదా. రెండు నీడలూ ఒకే లేయర్‌లో, బ్రష్ ఒపాసిటీ (రంగు చిక్కదనం) 100 శాతం ఉంచి వేయండి. పలచన కావాలంటే లేయర్ ఒపాసిటీ తగ్గించండి, బ్రష్‌ది కాదు. బ్రష్ ఒపాసిటీ తగ్గిస్తే గీత మీద గీత పడ్డచోటల్లా మరకలు కడతాయి. ముడతల లోపల, చెవి వెనక, మెడకు కాలర్ ఆనుకునే చోట మాత్రం ఇంకొంచెం ముదురు చేయవచ్చు, ఎందుకంటే అక్కడికి చుట్టుపక్కల వెలుతురు కూడా చేరదు.

నీడ స్థలాలు కుదిరాక ఫైల్ కాపీ ఒకటి దాచుకుని, మల్టిప్లై లేయర్‌ను కింది దానితో కలిపేయండి. ఇక్కడి నుంచి నేరుగా రంగే. బొమ్మలోంచే రంగు ఎత్తుకునే ఐడ్రాపర్‌తో వెలుగు రంగు, నీడ రంగు తీసుకుని అంచులు దిద్దండి. చెంప గుండ్రంగా తిరిగే చోట అంచు మెత్తగా ఉండాలి. ముక్కు కింద పడే నీడ ముక్కు దగ్గర పదునుగా మొదలై, దూరం పోయేకొద్దీ మెత్తబడాలి. చర్మం మీద వెలుగుకూ నీడకూ మధ్య సన్నటి ఎర్రటి పట్టీ వేస్తే లోపల రక్తం ఉన్నట్టు కనిపిస్తుంది. అన్ని అంచులకూ మెత్తగా చల్లే ఎయిర్‌బ్రష్ తిప్పితే మాత్రం మనిషి గాలి నింపిన బుడగలా తయారవుతాడు.

వెలుగుకు స్క్రీనా, యాడా (రెండూ కింది రంగును లేతచేసే మోడ్‌లే) అంటే ఎక్కువ చోట్ల స్క్రీనే. ముదురు నారింజ 90, 50, 20ను పైన చెప్పిన 230, 180, 150 చర్మం మీద స్క్రీన్‌లో వేస్తే 239, 195, 158 వస్తుంది, యాడ్‌లో వేస్తే 255, 230, 170. యాడ్‌లో ఎరుపు అప్పుడే 255కు కొట్టుకుని ఆగిపోయింది. దీపం అంచుకో, కంటిలోని మెరుపుకో యాడ్ వాడండి, చెంపంతా పూయకండి.

ఇక బ్రష్ టెక్స్చర్, అంటే గరుకుదనం. బొమ్మ మొత్తం మీద కాగితం ఫోటో ఓవర్‌లేలో (లేత చోట్ల వెలుగు, ముదురు చోట్ల చీకటి పెంచే మోడ్‌లో) పరిచేయడం సులువు. కానీ ముఖానికీ గుడ్డకూ ఆకాశానికీ ఒకే గరుకు రావడంతో మురికి పట్టిన అద్దం లోంచి చూసినట్టుంటుంది. పైగా ఓవర్‌లేలో ఏ మార్పూ తేనిది 128 దగ్గరి బూడిదరంగు ఒక్కటే. కాగితం ఫోటో అంతకంటే తెల్లగా ఉంటుంది కాబట్టి బొమ్మ వెలిసిపోతుంది. ముందు వెలుగు చీకట్లు సర్దే లెవెల్స్‌తో దాన్ని మధ్యకు తెచ్చి, ఒపాసిటీ 10 నుంచి 20 శాతంలో ఉంచాలి. ఆకాశం లాంటి పెద్ద గ్రేడియంట్లలో (ఒక రంగు మెల్లగా ఇంకోదానిలోకి మారే చోట్ల) కనిపించే పట్టీలను దాచడానికి ఈ పద్ధతి నిజంగా పనికొస్తుంది.

మిగతా అంతటికీ గరుకు బ్రష్షే నయం, అదీ అన్నిచోట్లా కాదు. వెలుగు ఆగి నీడ మొదలయ్యే ఆ సన్నటి మేర మీద గరుకు చూపించండి, నీడ లోపలి భాగం చదునుగా వదిలేయండి. ఎండ వాలుగా తగిలినప్పుడు గోడ గరుకు బయటపడేది ఆ మేరలోనే. ప్రోక్రియేట్ అనే బొమ్మల యాప్‌లో గ్రెయిన్‌ను (బ్రష్ గరుకును) టెక్స్చరైజ్డ్‌గా పెడితే అది కాగితంలా కాన్వాస్‌కు అతుక్కుని ఉంటుంది, మూవింగ్‌గా పెడితే గీతతో పాటు జరుగుతూ సాగినట్టు కనిపిస్తుంది. గుడ్డకు, గోడకు మొదటిది, తడిరంగు లాగినట్టు కావాలంటే రెండోది.

గరుకు కొలత కూడా ముందే చూసుకోండి. 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) ఏ4 బొమ్మ అంటే 2480 పిక్సెళ్ల వెడల్పు. దాన్ని తెర కోసం 1080కి కుదిస్తే రెండు పిక్సెళ్ల చుక్కలు ఒక పిక్సెల్ కంటే తక్కువై మసకలో కలిసిపోతాయి. చుక్క కనీసం 5, 6 పిక్సెళ్లు ఉండేలా బ్రష్ గ్రెయిన్ పెంచుకుని, 1080కి కుదించిన కాపీలో ఒకసారి చూశాకే మిగతా బొమ్మకు వేయండి.